అర్ధరాత్రి చెయ్యి తిమ్మిరెక్కుతోంది... కుట్టుమిషను మానేయాలా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మాది రాయదుర్గం. మా అమ్మ ఇచ్చిన తొక్కుడు మిషను మీద ఇరవై ఏళ్లుగా రవికెలు కుడుతున్నాను. రెండేళ్లుగా జీన్స్ ప్యాంట్ల పీసులు కూడా తెచ్చుకుంటున్నాను. ఆరు నెలల నుంచి అర్ధరాత్రి కుడిచెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. విదిలిస్తే కాసేపటికి తగ్గుతుంది. సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. సంగటి కెలికేటప్పుడు తెడ్డు చేతిలోంచి జారుతోంది. మా అమ్మకూ, అమ్మమ్మకూ ఇలాగే ఉండేది. వాతమని ఇంట్లో వంకాయ, చింతపండు మాన్పించారు. ఆముదం రాసి ఉప్పుమూటతో కాపుతున్నాను. బలానికని సూదులు వేయించుకున్నా గుణం కనిపించలేదు. ఇది వంశపారంపర్యమా? మిషను మానేయాలా?
– ఒక పాఠకురాలు

సలహా: మిషను మానేయనక్కర లేదమ్మా, కానీ ఈ తిమ్మిరిని ఇంకో ఆరు నెలలు ఇలాగే భరించకూడదు. మీ ఉత్తరంలో నాకు అన్నింటికన్నా ఎక్కువ ఉపయోగపడిన మాట, విదిలిస్తే తగ్గుతుందన్నది. మణికట్టు దగ్గర చిన్న ఎముకలకూ, వాటి మీద అడ్డంగా ఉండే గట్టి పట్టీకీ నడుమ ఒక ఇరుకైన దారి ఉంటుంది. వేళ్లను ముడిచే 9 టెండన్లతో (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లవంటివి) పాటు మీడియన్ అనే నరం కూడా ఆ దారిలోంచే అరచేతిలోకి వస్తుంది. పని ఒత్తిడికి టెండన్ల చుట్టూ ఉన్న పొరలు ఉబ్బితే, ఉన్న కాస్త చోటులో నలిగేది ఆ నరమే. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు వంచి పడుకుంటాము కనుక ఆ ఇరుకు రాత్రిపూట మరింత పెరుగుతుంది. దీనిని కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. మీ లక్షణాలు చాలావరకు దానివిగానే కనిపిస్తున్నాయి.

నిర్ధారించుకోవడానికి మీరే ఒక పని చేయవచ్చు. ఈసారి మెలకువ వచ్చినప్పుడు లైటు వేసి, ఏ వేళ్లు మొద్దుబారాయో ఒక్కొక్కటిగా తాకి చూసి, కొలతలు రాసుకునే పుస్తకంలోనే రాసిపెట్టుకోండి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగం వరకే ఈ నరానికి సంబంధం. చిటికెనవేలు దీని కిందికి రాదు. చిటికెనవేలు కూడా మొద్దుబారుతున్నా, మెడ నుంచి చేతిలోకి నొప్పి దిగుతున్నా కారణం వేరే చోట ఉండవచ్చు, అప్పుడు మెడను కూడా పరీక్షించాలి.

వారసత్వం సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. కొన్ని కుటుంబాల్లో ఈ జబ్బు ఎక్కువగా కనిపించే మాట నిజమే. అయితే మీకు అమ్మ నుంచి వచ్చింది శరీరం ఒక్కటే కాదు, మిషనూ వచ్చింది, రోజూ మణికట్టు బలమంతా పెట్టి సంగటి కెలికే అలవాటూ వచ్చింది. వాటికి తోడు ఈ రెండేళ్లలో మందపాటి జీన్స్ గుడ్డ, దానిని కోసే బరువైన కత్తెర చేరాయి. ఇక వంశంలో నడిచే మరో రెండు జబ్బులు, సుగరు, థైరాయిడ్ తగ్గడం, ఇదే తిమ్మిరికి దారి తీయగలవు. మీ అమ్మగారికి అవి ఉండేవేమో ఇంట్లో అడగండి. ఎవరికీ లేవన్నా సరే, పరగడుపున సుగరు, రెండు మూడు నెలల సగటు సుగరును చూపే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ పనితీరును చూపే టీఎస్‌హెచ్ పరీక్షలు చేయించుకోండి. పరగడుపు సుగరు 126 గానీ అంతకు మించి గానీ, హెచ్‌బీఏ1సీ 6.5 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహం ఉన్నట్టే. సాధారణంగా రెండోసారి పరీక్షించి ఖాయం చేస్తారు. సంగటి తినేవాళ్లకు సుగరు రాదన్న ధీమా మన జిల్లాలో చాలామందికి ఉంది. రాగిలో సున్నం, పీచు మెండుగా ఉన్నా అందులోనూ, దానితో కలిపి ఉడికించే బియ్యంలోనూ ఉన్నది ప్రధానంగా పిండిపదార్థమే కనుక, ముద్ద ఎంత పెద్దదన్నది లెక్కలోకి వస్తుంది.

వంకాయ, చింతపండు మళ్లీ తినవచ్చు, వాటికీ ఈ నరానికీ సంబంధం లేదు. ఆముదం రాసుకుంటే నష్టం లేదు కానీ ఉప్పుమూట మాత్రం వద్దు. మొద్దుబారిన వేళ్లకు వేడి సరిగా తెలియదు. మూట కాలుతోందని మీకు తెలిసేలోగా చర్మం బొబ్బలెక్కవచ్చు. బలం సూదులు ఏదైనా లోపం ఉన్నవారికి పనిచేస్తాయే తప్ప నలిగిన నరానికి చోటు చేసి ఇవ్వలేవు. మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్లలు కొనుక్కుని నెలల తరబడి వాడితే కడుపూ మూత్రపిండాలూ దెబ్బతింటాయి.

ముందుగా చేయవలసింది మణికట్టును వంగకుండా నిటారుగా ఉంచే పట్టీని కనీసం 6 వారాల పాటు రాత్రిళ్లు కట్టుకుని పడుకోవడం. గాజులు తీయరాదన్న పట్టింపు మీ ఇంట్లో ఉంటే ఎడమచేతివి ఉంచుకుని, కుడిచేతివి మాత్రం పడుకునే ముందు తీయండి. డాక్టరు చెప్పారని పెద్దలకు చెప్పండి. సంగటి కెలకడం ఈ 6 వారాలూ ఇంట్లో ఇంకెవరైనా చేయాలి. ఊరుబిండి పచ్చడి రోట్లో నూరకుండా మిక్సీలో వేసుకోవచ్చు, రుచి తగ్గుతుందని నాకూ తెలుసు. జీన్స్ పీసులు కొన్నాళ్లు ఆపి రవికెలే కుట్టుకోండి. అరగంటకొకసారి లేచి చేతులు వదులు చేసుకోండి, కత్తెరకు పదును పెట్టించండి.

దారం ఎక్కించలేకపోవడంలో వేళ్ల తప్పు కొంతే కావచ్చు. మీ వయసుకు చత్వారం వచ్చి ఉంటుంది. కంటి పరీక్ష చేయించుకుని దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుంటే మిషను మీదికి వంగడం తగ్గి మెడకూ హాయిగా ఉంటుంది.

6 వారాలకూ తగ్గకపోతే అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఎముకల విభాగం ఓపీలో చూపించుకోండి. నరం ఎంత నలిగిందో నరాల పరీక్షతో తెలుస్తుంది. దానిని బట్టి మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షను ఇవ్వడమో, చేతికి మాత్రమే మత్తిచ్చి, మణికట్టు లోపల అడ్డంగా ఉండే ఆ గట్టి పట్టీని కోసి నరానికి చోటు కల్పించడమో చేస్తారు. అయితే మీకు తెడ్డు జారుతోంది కనుక ఇప్పుడే రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. కుడి బొటనవేలి మొదట్లో ఉండే కండ ఎడమవైపు కన్నా పల్చబడినట్టు కనిపించినా, పగలు కూడా తిమ్మిరి వదలకపోయినా 6 వారాలు ఆగకుండా ఈ వారంలోనే వెళ్లండి.