టెక్సాస్ ఒకప్పుడు విడి దేశమంటారు, నిజమేనా? మెక్సికో నుంచి ఎలా విడిపోయింది?

నిజమే. 1836 నుంచి 1845 చివరిదాకా సొంత అధ్యక్షుడు, సొంత జెండా ఉన్న దేశమే.

నేను పన్నెండేళ్ళుగా హ్యూస్టన్ దగ్గర ఉంటున్నాను. ఇండియా నుంచి ఎవరొచ్చినా శాన్ ఆంటోనియో తీసుకెళ్ళి 1836లో మెక్సికో సైన్యం ముట్టడించిన అలమో అనే పాత కోట ముందు ఫొటో తీసి పంపేస్తారు మనవాళ్ళు. ఆ దేశం పుట్టిన చోటు అది కాదు. హ్యూస్టన్‌కి వాయవ్యంగా, బ్రాజోస్ నది ఒడ్డున వాషింగ్టన్ అనే చిన్న ఊరు. అక్కడికి మాత్రం ఒక్కరూ వెళ్ళరు.

మా పాప ఏడో తరగతిలో ఉండగా స్కూల్ ప్రాజెక్టు కోసం వెళ్ళాం. నాన్న కూడా వచ్చారు. నరసరావుపేట దగ్గర పల్లెలో నలభై ఏళ్ళు పత్తి వేసిన మనిషి. అక్కడున్నది పాతదాని నమూనాలో మళ్ళీ కట్టిన ఒక చెక్క ఇల్లు. 1836 మార్చి 2న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది అలాంటి ఇంట్లోనే. సంతకాలు పెట్టింది 59 మంది. ఇల్లు అప్పటికి పూర్తికాలేదు. తలుపుల్లేవు, కిటికీలకు అద్దాల్లేవు. చలిగాలి కొట్టకుండా నూలుగుడ్డ కట్టుకున్నారు.

పాప ఇది చెబుతుంటే నాన్న ఆగారు. "ఇక్కడ పత్తి పండేదా?" అన్నారు. ఈ నది పక్క పల్లపు భూముల్లో బాగా పండేదన్నాను.

"మరి తీసిందెవరు?"

నా జవాబంతా ఆ ప్రశ్నలోనే ఉంది. 1821లో మెక్సికో స్పెయిన్ నుంచి బయటపడేనాటికి టెక్సాస్ జనం పలచగా ఉన్న సరిహద్దు. అక్కడ ఊళ్ళు నిలబడాలని అమెరికా వాళ్ళని రానిచ్చారు. స్టీఫెన్ ఆస్టిన్ మొదట 300 కుటుంబాలను దించాడు. వాళ్ళకి కావలసింది పత్తి భూమి, అందులో చాకిరీకి బానిసలు. 1829లో మెక్సికో బానిసత్వాన్ని రద్దు చేసింది. టెక్సాస్‌కి మినహాయింపు దొరికినా వాళ్ళ గుబులు పోలేదు. 1830లో అమెరికా నుంచి వలసలే ఆపేశారు. ఆ తర్వాత మెక్సికో అధ్యక్షుడు శాంటా అన్నా ఆ దేశపు 1824 రాజ్యాంగాన్ని పక్కకు నెట్టి, రాష్ట్రాల అధికారాలన్నీ రాజధానికి లాక్కున్నాడు. ఆ కోపం న్యాయమైనదే. స్పానిష్ మాట్లాడే హువాన్ సెగీన్ లాంటివాళ్ళూ తిరుగుబాటులో చేరారు. పాపం, అదే సెగీన్ 1842లో శాన్ ఆంటోనియో మేయర్ పదవి వదిలి మెక్సికోకి పారిపోవాల్సి వచ్చింది.

నియంతృత్వం మీద పోరాటమని మాత్రమే చెప్పేవాళ్ళు ఆ కొత్త దేశపు రాజ్యాంగం ఒకసారి చదవాలి. బానిసత్వం చట్టబద్ధం. స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్ళు కాంగ్రెస్ (అక్కడి చట్టసభ) అనుమతి లేకుండా అక్కడ స్థిరపడటానికి వీల్లేదు.

యుద్ధాల సంగతి అందరూ రాస్తారు. గొంజాలెస్ అనే ఊళ్ళో ఒక చిన్న ఫిరంగి కోసం గొడవతో మొదలై, అలమోలో 13 రోజుల ముట్టడి, చివరికి ఏప్రిల్ 21న శాన్ జసింటోలో టెక్సాస్ సేనాని సామ్ హ్యూస్టన్ సైన్యం 18 నిమిషాల్లో గెలిచింది. మర్నాడు శాంటా అన్నా దొరికిపోయాడు.

ఇంకో మాట. ఇక్కడి విందుల్లో "టెక్సాస్ ఎప్పుడు కావాలంటే అప్పుడు విడిపోవచ్చు, ఒప్పందంలోనే ఉంది" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. లేదండీ. టెక్సాస్‌ని అమెరికాలో కలుపుకున్న 1845 తీర్మానంలో ఉన్నది టెక్సాస్‌లోంచి మరో నాలుగు రాష్ట్రాల వరకు చేయొచ్చని. విడిపోవడం కుదరదని 1869లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

తిరుగు ప్రయాణంలో నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "పత్తిలో మిగిలిందీ మునిగిందీ తీత కూలి దగ్గరే తేలుతుంది. వీళ్ళు ఆ కూలే ఇవ్వలేదన్నమాట" అన్నారు.

అప్పుడు జో గురించి చెప్పాను. అలమో కమాండర్ ట్రావిస్ దగ్గర బానిస. ముట్టడిలో ప్రాణాలతో బయటపడి, అక్కడేం జరిగిందో కొత్త ప్రభుత్వానికి స్వయంగా చెప్పినవాడు. అయినా అతన్ని విడిచిపెట్టలేదు, ట్రావిస్ ఆస్తి కిందే లెక్కగట్టారు. శాన్ జసింటో గెలుపుకి సరిగ్గా ఏడాది నిండిన రోజు, 1837 ఏప్రిల్ 21న, జో పారిపోయాడు. పట్టిచ్చినవాళ్ళకి 50 డాలర్లిస్తామని పత్రికలో ప్రకటన వేశారు.