చెవికీ ఉప్పుకీ సంబంధం ఉంది అన్నా

కావలిలో అమ్మకి కళ్లు తిరగడం, ఎడమ చెవిలో హోరు, డాక్టర్ మెనియర్స్ (లోపలి చెవి జబ్బు) అని ఉప్పు తగ్గించమన్నారు, చెవికీ ఉప్పుకీ ఏం సంబంధం అని అడిగారు కదా అన్నా.

లోపలి చెవిలో రెండు ద్రవాలుంటాయి. పెరిలింఫ్‌లో సోడియం ఎక్కువ, ఎండోలింఫ్‌లో పొటాషియం ఎక్కువ. మధ్యలో పల్చటి పొర. ఎండోలింఫ్‌లో సుమారు 80 మిల్లీవోల్టుల విద్యుత్తు కూడా ఉంటుంది. శబ్దానికి వినికిడి కణాల మీది సన్నటి కేశాలు వంగగానే పొటాషియం కణంలోకి దూకుతుంది, కబురు నరానికి అందుతుంది. మెనియర్స్‌లో ఎండోలింఫ్ ఎక్కువై ఉబ్బుతుంది. పొర చిరిగి పొటాషియం అవతలి ద్రవంలో కలిస్తే నరం సరిగా పనిచేయదు, అందుకే ఉన్నట్టుండి తల తిరుగుతుందని ఒక వివరణ.

ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది, దాంతో ఈ ఉబ్బు కూడా పెరగొచ్చన్న ఆలోచనతోనే ఉప్పు తగ్గించమంటారు. కానీ తగ్గిస్తే అందరికీ ఒకేలా గుణం కనిపించదు. ఒంగోలులో మా అత్త ఇలాగే తల తిరిగితే గడప పట్టుకుని కదలకుండా నిలబడిపోయేది. ఎండుచేప, ఆవకాయ తగ్గించాక ఆమెకి కొంత తేలికపడింది. కూరలో ఉప్పు తగ్గించి ఊరగాయ వదలకపోతే లాభం లేదు. నీళ్లు మాత్రం మానిపించకండి.

ఒక్కసారిగా వినికిడి పడిపోతే రేపటిదాకా ఆగొద్దు, అదే రోజు ఈఎన్‌టీకి చూపించండి.