క్యాడెట్లకు ముందు చిక్కు ఇవ్వండి, పాఠం తర్వాత

సార్, మీ క్యాడెట్లు డ్రిల్లులో చురుగ్గా ఉంటూ, మ్యాప్ రీడింగ్, వ్యూహాల క్లాసుల్లో మాత్రం పాసైతే చాలన్నట్టు కూర్చుంటున్నారని రాశారు. దాన్ని బద్ధకం అనుకోకండి. తెల్లవారకముందే లేచి పరుగెత్తినవాడికి చీకటి గదిలో స్లైడ్లు చూపిస్తే కళ్లు మూతలు పడతాయి. వీలైతే ఆ క్లాసు టైమ్ మార్పించండి.

అసలు మందు పాఠం వరస తిప్పడమే. టేబుల్ మీద మ్యాప్ పరిచి, "నీ కింద 30 మంది ఉన్నారు. వంతెన కూలింది, రేడియో పలకడం లేదు. రెండు నిమిషాల్లో ఆర్డర్ చెప్పు" అనండి. నోరు పెగలక నిలబడ్డవాడికి నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూర్ గీతలు ఎందుకు చదవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. పాఠం అప్పుడు మొదలుపెట్టండి, చెవులు రిక్కించి వింటారు.

అది అయ్యాక అమెరికా సైన్యం 1970లలో మొదలుపెట్టిన ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ చేయించండి: ఏం అనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, మళ్లీ అయితే ఏం చేస్తాం. మీరు తక్కువ మాట్లాడండి, వాళ్లనే చెప్పుకోనివ్వండి. ఇక్కడ మార్కులు మాత్రం వేయొద్దు. తప్పు జవాబుకు పుషప్స్ తీయించే అలవాటుంటే రేపటి నుంచే ఆపేయండి, ఆ భయంతో తెలిసినవాడు కూడా చెయ్యి ఎత్తడు.