హీలియం దహనంపై రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

నక్షత్రాల్లో హీలియం కార్బన్‌గా, ఆక్సిజన్‌గా మారే హీలియం దహనంపై నీ వ్యాసం రెండుసార్లు చదివాను. "నక్షత్ర గర్భంలోని చర్యను శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో కొలిచారు" అన్న మొదటి వాక్యాన్ని కొట్టివేయి. కార్బన్-12 కేంద్రకం ఆల్ఫా కణాన్ని, అంటే హీలియం కేంద్రకాన్ని, పట్టుకుని ఆక్సిజన్-16గా మారే చర్య నక్షత్రంలో సుమారు 300 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర జరుగుతుంది. అక్కడ దాన్ని నేరుగా కొలిచినవారు ఇంతవరకూ లేరు. నా తొలి వ్యాసంలో నేనూ ఇలాగే రాస్తే, ఒక అధ్యాపకురాలు అంచున ఎర్ర సిరాతో "ఏ శక్తి దగ్గర?" అని మాత్రం రాసి తిప్పి పంపారు.

ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ కథకు మూడు పేజీలు ఎక్కువ. కార్బన్‌లో 7.65 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక ఉత్తేజిత స్థాయి (కేంద్రకపు అధిక శక్తి స్థితి) ఉండితీరాలని ఆయన పట్టుబట్టడం, 1953లో అమెరికాలోని కాల్‌టెక్ విద్యాసంస్థలో వార్డ్ వేలింగ్ బృందం నైట్రోజన్‌ను డ్యూటెరాన్లతో (భార హైడ్రోజన్ కేంద్రకాలతో) తాడించి దాన్ని చూపించడం ఒక పేరాలో ఇముడుతాయి.

మిగిలిన చోటు టార్గెట్‌కు ఇవ్వు. పలుచని కార్బన్ పొరపై ఆల్ఫా కణాల ధారను రోజుల తరబడి పంపి, అరుదుగా వెలువడే గామా కిరణాల కోసం కాచుకుని ఉంటారు. శక్తి తగ్గేకొద్దీ ధనావేశాల వికర్షణ వల్ల చర్యలు ఎంత వేగంగా అరుదైపోతాయంటే, నేరు కొలతలు దాదాపు 1,000 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలోనే ఆగిపోతాయి. దానికి తోడు, సహజ కార్బన్‌లో ఒక శాతం ఉండే కార్బన్-13 ఆల్ఫా కణాలతో కలిసి న్యూట్రాన్లను వెదజల్లుతుంది. డిటెక్టర్‌లో అవి లేపే రొదలో అసలు గామా కిరణం మునిగిపోతుంది. అందుకే ఆ ఒక్క శాతాన్నీ వీలైనంత తీసేసిన కార్బన్‌తో టార్గెట్ చేస్తారు. నా దృష్టిలో ఈ కథకు నాయకుడు హాయిల్ కాదు, ఆ శుభ్రమైన పొరే.

కొలత ఆగిన చోటు నుంచి 300 దాకా లెక్కతో దిగాలి. చెరువు గట్టున పైకి కనిపించే నాలుగు మెట్ల వాలు చూసి నీళ్లలో మునిగిన మెట్లను అంచనా కట్టడం వంటిది ఇది. పైగా ఆక్సిజన్‌లో ఈ చర్యకు కావలసిన 7.16 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల గడపకు కాస్త దిగువన, 6.92, 7.12 దగ్గర ఉన్న రెండు స్థాయిలు తమ ప్రభావాన్ని గడప దాటించి ఆ అంచనాను మార్చేస్తాయి. హీలియం అయిపోయేసరికి నక్షత్రంలో కార్బన్ ఎంత, ఆక్సిజన్ ఎంత మిగులుతాయన్నది ఈ అంచనాపై ఆధారపడుతుంది కనుక, దీన్ని అడుగున చిన్న అక్షరాల్లో దాచవద్దు.

గ్రాఫు వేయిస్తున్నావు కదా, కొలిచిన బిందువులు ఆగిన చోట నిండు గీతను ఆపి, అక్కడి నుంచి తునకల గీతగా వేయమని చిత్రకారుడికి చెప్పు.