జపాన్‌టౌన్‌కి ఒక్కడివే వెళ్ళు తమ్ముడూ

శాన్‌హోసే వచ్చి నాలుగు నెలలైందన్నావు. ఇక్కడి జపాన్ వాళ్ళ పేట జపాన్‌టౌన్‌లో, వాళ్ళ పండుగల్లో, సంఘాల్లో మనల్ని కలుపుకుంటారా అని అడిగావు. కలుపుకుంటారు. నువ్వు ఎలా వెళ్తావన్నదే నా బెంగ.

మొదటి రెండేళ్ళు నాకు ఆఫీసు, రూమ్మేట్లు, ఆదివారం ఇంటికి ఫోను, అంతే. డబ్బుకి లోటు లేదు. శుక్రవారం సాయంత్రమైతే మాత్రం దిగులు పట్టుకునేది. మూడో ఏడు జులైలో, పోయిన పెద్దల్ని తలుచుకునే వాళ్ళ ఓబోన్ పండుగకి ఐదుగురం వెళ్ళి, ఓ పక్కన నిలబడి తెలుగులో కబుర్లాడుకుని, తిని వచ్చేశాం. ఉడోన్ అనే నూడుల్స్ సూప్‌లో చేప ముక్క లేదు కదా అని తాగాను. ఆ రసమే ఎండుచేపతో కాస్తారట! శాకాహారివైతే ముందే అడుగు.

మరుసటి ఏడు ఒక్కడినే వెళ్ళాను. పక్కనున్న పెద్దావిడని "జపాన్ నుంచి ఎప్పుడొచ్చారండీ?" అన్నాను. ఆవిడ కాలిఫోర్నియాలోనే పుట్టారు. జపాన్‌తో యుద్ధం నడుస్తున్న 1942లో, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వుతో జపాన్ మూలాలున్న దాదాపు 1,20,000 మందిని నిర్బంధ శిబిరాల్లో పెట్టారు, ఎక్కువమంది అమెరికా పౌరులే. ఆవిడ చిన్నతనం అక్కడే గడిచింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మీకిప్పుడు అన్నీ ఫోన్లోనే దొరుకుతాయి, అయినా ఎవరూ చదవరు. ముందు ఐదో వీధిలోని జపనీస్ అమెరికన్ మ్యూజియం చూడు. కెల్లీ పార్కులోని జపనీస్ ఫ్రెండ్‌షిప్ గార్డెన్‌కీ వెళ్ళు. 1957 నుంచి మన శాన్‌హోసేకి సోదర నగరమైన జపాన్‌లోని ఒకయామాలో ఉన్న కొరాకుఎన్ తోట నమూనాలో కట్టి, 1965లో తెరిచారు.

ఆవిడ కోప్పడలేదు. "వచ్చే ఏడు డాన్స్ ప్రాక్టీసుకి రా" అన్నారు. ఓబోన్‌లో పోయిన పెద్దల్ని తలుచుకుంటూ అందరూ కలిసి ఆడే ఆ డాన్సే బోన్ ఒదోరి. బతుకమ్మ చూస్తూ పెరిగినవాడివి, చప్పట్లూ అడుగులూ నీకు కష్టం కాదు. పండుగ ముందు వారాల్లో ప్రాక్టీసు ఉంటుంది. ముందున్నవాళ్ళని చూసి ఆడు, అయ్యాక కుర్చీలు సర్దు. నేను మూడేళ్ళు సర్దాను, ఇప్పుడు కొత్తవాళ్ళకి అడుగులు నేర్పుతున్నాను. వాలంటీరు పనికి వీసా నిబంధనలు ఆఫీసు లాయర్ని అడుగు.

రూమ్మేట్లున్నారుగా అంటావు. నావాళ్ళు నలుగురూ ఉద్యోగాలు మారి తలో ఊరూ వెళ్ళిపోయారు. మా నాన్న పోయినప్పుడు నేను ఊరు చేరేసరికి అన్నీ అయిపోయాయి. ఆ జులైలో ఆవిడ నన్ను నాన్న పేరు అడిగి, రెండుసార్లు పలికి నేర్చుకుని, నా పక్కనే ఆడారు.