కాలేజీ ఇంక్యుబేటర్‌లో చేరేముందు ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి

"మా తమ్ముడు చెన్నైలో ఇంజినీరింగ్ మూడో ఏడు. కాలేజీ ఇంక్యుబేటర్‌లో, అంటే కుర్రాళ్ల కొత్త కంపెనీ ఆలోచనలకి సాయం చేసే విభాగంలో, చేరమంటున్నారు. నిజంగా ఉపయోగమా, ఫొటోలకేనా? దానివల్ల చుట్టుపక్కల ప్రాంతానికి ఏమైనా ఒరుగుతుందా?" అని అడిగారు. 2018లో చెన్నై శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీలో నేను ఉపయోగమూ చూశాను, ఫొటోలూ దిగాను.

మాది నెల్లూరు వైపు. మేనమామకి రొయ్యల గుంటలున్నాయి. పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన నాచే రాత్రికి దాన్ని పీల్చేసుకుంటుంది. తెల్లవారుజామున డీవో (నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్) పడిపోతే రొయ్యలు పైకి తేలతాయి, అప్పుడు చూసుకోకపోతే పంట పోయినట్టే. డీవో తగ్గగానే సైరన్ మోగించే డబ్బా చేద్దామని నేనూ నా రూమ్మేటూ మొదలుపెట్టాం.

ఇంక్యుబేటర్ వాళ్లు వెంటనే చేర్చుకున్నారు. ఏసీ హాలు, కూర్చుంటే లేవలేని బీన్ బ్యాగులు, గోడ మీద రాకెట్ బొమ్మ. వారానికో మెంటార్. వాళ్లలో రొయ్యల గుంట చూసినవాళ్లు ఒక్కరూ లేరు, అందరూ అడిగేది మాత్రం "మార్కెట్ సైజ్ ఎంత?" అనే. పక్కనే త్రీడీ ప్రింటర్, ఆసిల్లోస్కోప్ ఉన్న మంచి ల్యాబ్. సాయంత్రం అయిదుకి తాళం. మాకు క్లాసులు నాలుగున్నర దాకా! నా అరవం విని నవ్వుకునే ల్యాబ్ అటెండర్ అన్న ఒకరోజు తాళంచెవి చేతిలో పెట్టి "కాలైలె కుడు తంబి" అన్నాడు, పొద్దున ఇచ్చెయ్యమని. ఆ డబ్బా తయారైందంటే ఆయన పుణ్యం, కాలిపోయిన బోర్డుని కూడా మాట్లాడకుండా మార్చి ఇచ్చిన రిచ్చీ స్ట్రీట్ (చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్ల బజారు) కొట్టాయన పుణ్యం. సర్టిఫికెట్ మీద మాత్రం ఇంకెవరివో సంతకాలు.

డెమో రోజు బకెట్ నీళ్లలో సోడియం సల్ఫైట్ కలిపి ఆక్సిజన్ తగ్గించాం. సైరన్ మోగింది, చీఫ్ గెస్ట్ ఉలిక్కిపడి, తర్వాత చప్పట్లు కొట్టారు. ఊరికి తీసుకెళ్లి గుంటలో దింపితే తొమ్మిదో రోజుకి సెన్సర్ నిండా జిగురు నాచు. మామ దాన్ని పైకి లాగి చూసి "ఒరే అబ్బయా, నీ డబ్బాని కడగడానికి ఇంకో మనిషిని పెట్టాల్రా" అన్నాడు. ఏడాదిపాటు మెంటార్లు చెప్పంది ఆయన కట్ట మీద నిలబడి ఒక్క ముక్కలో చెప్పాడు.

డబ్బు సంగతికొస్తే, 2021లో వచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ అనే కేంద్ర ప్రభుత్వ పథకంలో ప్రోటోటైప్ (తొలి నమూనా) దశకి 20 లక్షల దాకా గ్రాంటు పెట్టారు. అది ఇంక్యుబేటర్ ద్వారానే వచ్చేది కాబట్టి, ఇప్పటికీ ఇస్తుంటే ఆ ఒక్క కారణానికైనా చేరొచ్చు. కాకపోతే కంపెనీ రిజిస్టరై ఉండాలి. మూడో ఏడు కుర్రాడికి ఇంట్లో వాళ్లు సప్లీలు క్లియర్ చెయ్యమంటారు గానీ కంపెనీ పెట్టనిస్తారా?

ప్రాంతానికి ఒరిగేదంటారా, అది ఎక్కడ తేలుతుందో ముందే చెప్పలేం. ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీ ఏథర్ పెట్టినవాళ్లు ఐఐటీ మద్రాస్ కుర్రాళ్లే, మొదలైందీ అక్కడే. ఆఫీసు బెంగళూరు వెళ్లింది, స్కూటర్లు హోసూరులో తయారవుతున్నాయి. రాకెట్ల కంపెనీ అగ్నికుల్ కూడా ఐఐటీ మద్రాస్‌లో పుట్టిందే. 2024 మే 30న వాళ్ల రాకెట్ లేచింది మాత్రం మన శ్రీహరికోటలో. తరమణిలో ఐఐటీ వాళ్ల రీసెర్చ్ పార్కులో చోటు తీసుకున్న కంపెనీలు ఐఐటీతో కలిసి పనిచేసి క్రెడిట్లు (పాయింట్ల లాంటివి) సంపాదించాలి. నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం అదే. మా కాలేజీలో బయటి కంపెనీవాళ్లు వచ్చేది రిబ్బన్ కత్తిరించడానికే.

మీ తమ్ముణ్ణి రాత్రి తొమ్మిదింటికి ఒకసారి ఆ ల్యాబ్ దాకా వెళ్లి చూసి రమ్మనండి. లైట్లు వెలుగుతుంటే చేరమనండి.

మా డబ్బా సైరన్ ఇప్పటికీ పనిచేస్తోంది. మామ దాన్ని విప్పి, కరెంటు పోతే మోగేలా ఏరియేటర్ల (గుంట నీళ్లలో గాలి కలిపే యంత్రాల) లైనుకి పెట్టించుకున్నాడు.