ఆటోహాట్‌కీలో క్రియేట్‌విండోఎక్స్ సున్నా ఇస్తోంది, లాస్ట్ ఎర్రర్ కూడా సున్నానే. తప్పు ఎక్కడుంది?

"క్లాస్ రిజిస్టర్ అయింది, డీఎల్ఎల్‌కాల్‌తో విండో తయారు చేయబోతే సున్నా వస్తోంది, లాస్ట్ ఎర్రర్ చూస్తే అదీ సున్నానే, అడ్మిన్‌గా నడిపాను, యాంటీవైరస్ ఆపాను" అని రాశారు. కొత్తవాళ్ల కోసం: ఆటోహాట్‌కీ అంటే విండోస్‌లో పనులు చేయించే స్క్రిప్ట్ భాష, డీఎల్ఎల్‌కాల్ అంటే అందులోంచి విండోస్ ఫంక్షన్లను పిలిచే దారి, క్రియేట్‌విండోఎక్స్ అంటే విండో తయారు చేసే ఫంక్షన్, క్లాస్ అంటే విండో రకం, లాస్ట్ ఎర్రర్ అంటే చివరి తప్పుకి విండోస్ ఇచ్చే అంకె. మీకు కావాల్సిన జవాబు ఆ రెండో సున్నాలోనే ఉంది. మీరు పిలిచిన తీరు నచ్చకపోతే విండోస్ ఏదో ఒక అంకె చెబుతుంది. క్లాస్ పేరు దొరక్కపోతే 1407. పేరెంట్ లేకుండా చైల్డ్ స్టైల్ పెడితే 1406. క్లాస్ వివరాలు నింపే స్ట్రక్చర్ సైజు తప్పయితే 87. ఏ ఎర్రరూ లేకుండా విండో రాలేదంటే దాన్ని వద్దన్నది మీరు రాసిన విండో ప్రొసీజరే, అంటే విండోకి వచ్చే మెసేజ్‌లకు జవాబిచ్చే మీ ఫంక్షనే. ఈ విషయంలో నేను పందేనికైనా సిద్ధం.

మిర్యాలగూడ దగ్గర మా మామయ్య వాళ్ల రైస్ మిల్లులో అచ్చం ఇదే జరిగింది. అక్కడ లారీ కాంటా బరువు చదివే ప్రోగ్రామ్ ఒకటి, ఆ బరువు అందుకుని రశీదు ముద్రించే ప్రోగ్రామ్ ఇంకొకటి ఉండేవి. హార్డ్ డిస్క్ పోయింది. మొదటిదానికి సీడీ ఉంది, రెండోదానికి లేదు. అది రాసిచ్చినాయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. మిల్లులో కంప్యూటర్ చూసే కుర్రాడు బీకాం చదివాడు, ఆటోహాట్‌కీ సొంతంగా నేర్చుకున్నాడు. రెండో ప్రోగ్రామ్ పని స్క్రిప్ట్‌తో చేయిద్దామని కూర్చున్నాడు. చిక్కేమిటంటే, కాంటా ప్రోగ్రామ్ ఒక ప్రత్యేకమైన క్లాస్ పేరున్న విండో కోసం వెతికి, దానికే కాపీడేటా మెసేజ్ (ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి డేటా చేరవేసేది) పంపిస్తుంది. ఆ పేరు దాని ఐఎన్ఐ ఫైల్‌లోనే, అంటే సెట్టింగుల ఫైల్‌లోనే రాసి ఉంది. ఆటోహాట్‌కీ తనంతట తాను తయారు చేసే జీయూఐ విండోలన్నిటికీ క్లాస్ పేరు ఒక్కటే, ఆటోహాట్‌కీజీయూఐ. కాబట్టి "మామూలు జీయూఐ వాడుకోవచ్చు కదా" అనే సలహా అక్కడ పనికిరాదు. బహుశా మీకూ పనికిరాదు.

నేను వెళ్లేసరికి బయట ధాన్యం లారీలు వరసగా ఆగి ఉన్నాయి. మామయ్య బరువులు నోట్‌బుక్‌లో చేత్తో రాయిస్తున్నారు, ఆయన టెన్షన్ ఆయనది. కుర్రాడు నన్ను చూడగానే "అన్నా, రాత్రి నుంచి గిదే పని. యాంటీవైరస్ తీసేసిన, అడ్మిన్ పెట్టిన, అయినా గదే సున్నా" అన్నాడు.

ఈ అడ్మిన్ సలహా గురించి ఒక మాట చెప్పాలి. ఏ సమస్య వచ్చినా "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" అని రాసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. విస్టా నుంచి విండోస్‌లో తక్కువ అధికారంతో నడిచే ప్రోగ్రామ్ ఎక్కువ అధికారం ఉన్న విండోకి ఇలాంటి మెసేజ్‌లు పంపలేదు, మధ్యలోనే ఆపేస్తారు. అంటే స్క్రిప్ట్‌ను అడ్మిన్‌గా నడిపితే, విండో తెరుచుకున్న తర్వాత కూడా మామూలుగా నడిచే కాంటా ప్రోగ్రామ్ పంపే బరువు దానికి చేరదు. ఆ సలహా విన్నవాడికి ఒక సమస్య రెండవుతుంది. ముందు అది తీయించాను.

తర్వాత ఒకే ఒక్క పని చేశాం. విండో ప్రొసీజర్‌లో మొట్టమొదటి లైనుగా, వచ్చిన ప్రతి మెసేజ్ నంబర్‌నూ ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసేలా ఫైల్‌అపెండ్ పెట్టాం. నడిపి ఫైల్ తెరిస్తే మూడే లైన్లు:

36
129
130

36 అంటే విండో సైజు ఎంత ఉండొచ్చని అడగడం. 129 అంటే ఎన్‌సీక్రియేట్, "ఈ విండో పుట్టొచ్చా" అని మీ ప్రొసీజర్‌ను అడగడం. దానికి ఒకటి అని చెబితే తర్వాత 131 వస్తుంది, ఆ పైన క్రియేట్ మెసేజ్ 1 వస్తుంది. సున్నా అని చెబితే నేరుగా 130, అంటే విండోను తుడిచేయడం. విండోస్ లెక్కలో ఇది ఎర్రర్ కాదు. అడిగింది, మీరు వద్దన్నారు, అది ఊరుకుంది. అందుకే లాస్ట్ ఎర్రర్ కూడా సున్నా.

మరి ఆ కుర్రాడి కోడ్‌లో సున్నా ఎక్కడి నుంచి వచ్చింది? కాపీడేటా నంబర్ 74 వస్తే బరువు చదివి ఒకటి తిరిగి ఇస్తున్నాడు, బాగానే ఉంది. మిగతా మెసేజ్‌లన్నిటికీ చివరి లైనులో డెఫ్‌విండోప్రాక్‌ను (విండోస్ తరఫున మామూలు జవాబిచ్చే ఫంక్షన్‌ను) పిలుస్తున్నాడు, అదీ సరైనదే. కానీ ఆ లైను ముందు రిటర్న్ అనే మాట లేదు. డెఫ్‌విండోప్రాక్ ఒకటి అని చెప్పినా ఆ జవాబు గాల్లో కలిసిపోయింది. ఆటోహాట్‌కీలో రిటర్న్ లేని ఫంక్షన్ ఖాళీ ఇస్తుంది, కాల్‌బ్యాక్ (విండోస్ మీ ఫంక్షన్‌ను పిలిచే దారి) దాన్ని సున్నాగా విండోస్‌కి అందిస్తుంది. రిటర్న్ అని చేర్చి నడిపాడు. విండో వచ్చింది.

మీ ఫైల్‌లో 36, 129, 131, 1 వచ్చి ఆ వెంటనే 2, 130 కనిపిస్తే మీ క్రియేట్ కోడ్ మైనస్ ఒకటి ఇస్తోందని అర్థం. ఫైల్‌లో ఏమీ పడకుండా స్క్రిప్టే చప్పుడు లేకుండా మూసుకుపోతే, ప్రొసీజర్ చిరునామా స్ట్రక్చర్‌లో సగం తెగిపోయి ఉంటుంది. ఇది 64-బిట్‌లో వచ్చే తిప్పలు. చిరునామా ఎనిమిది బైట్లు, దానికి పీటీఆర్ అనే టైపు రాయాలి, మీరు ఇంట్ అని రాస్తే నాలుగే వెళ్తాయి. హెచ్‌విండ్‌లో (విండో గుర్తింపు అంకెలో) మాత్రం 64-బిట్ విండోస్‌లో కూడా పనికొచ్చేవి 32 బిట్లే, కాబట్టి దాన్ని ఇంట్‌గా తీసుకున్నా నెట్టుకొస్తుంది. అది చూసి చాలామంది పీటీఆర్ అనవసరం అనుకుంటారు. డెఫ్‌విండోప్రాక్‌కు ఇచ్చే ఎల్‌పారామ్‌ను (మెసేజ్‌తో వచ్చే చివరి విలువ, చాలాసార్లు అదో చిరునామా) అలా ఇంట్ అని రాయండి, ఒక కంప్యూటర్‌లో నడుస్తుంది, పక్క కంప్యూటర్‌లో కూలిపోతుంది. క్రియేట్‌విండోఎక్స్‌కు పన్నెండు ఆర్గ్యుమెంట్లు. ఒక్కోటి ఒక్కో లైనులో, దాని టైపుతో సహా రాయండి. అన్నీ ఒకే లైనులో కుక్కిన కోడ్‌ను, అందులోనూ ఫోన్‌తో స్క్రీన్‌ను ఫొటో తీసి పెట్టిన కోడ్‌ను, నేనసలు చదవను.

పాత 32-బిట్ కోడ్ ఎక్కడి నుంచో తెచ్చుకుని ఉంటే డబ్ల్యూఎన్‌డీక్లాస్ఎక్స్ (ఆ క్లాస్ వివరాల స్ట్రక్చర్) సైజు కూడా చూడండి. అప్పట్లో 48 బైట్లు, 64-బిట్‌లో 80. క్లాస్ పేరు చిరునామా ఉండే చోటు 40 నుంచి 64కి జరిగింది. 2022 డిసెంబర్‌లో వచ్చిన ఆటోహాట్‌కీ 2.0 వెర్షన్‌లో నమ్‌పుట్ (స్ట్రక్చర్‌లో అంకెలు నింపే ఫంక్షన్) ఆర్గ్యుమెంట్ల వరస కూడా మారింది, టైపు ముందుకొచ్చింది. "32-బిట్ ఆటోహాట్‌కీతో నడిపేయండి, పోతుంది" అనేవాళ్ల మాట వినకండి. రిటర్న్ లేకపోతే అక్కడా విండో రాదు. చిరునామాలు తెగే తప్పులు మాత్రం అక్కడ బయటపడకుండా దాక్కుంటాయి.

మనవాళ్లకే వచ్చే ఇంకో చిక్కు చెబుతాను, దీని గురించి ఇంగ్లీష్ పేజీల్లో సగమే ఉంటుంది. మిల్లులో విండో వచ్చాక టైటిల్‌లో "రశీదు" అని ఉండాల్సిన చోట 0, 6, @, & లాంటి గుర్తులు కనిపించాయి. తెచ్చుకున్న కోడ్‌లో డెఫ్‌విండోప్రాక్ పేరు చివర ఇంగ్లీష్ "A" అక్షరం ఉంది, అంటే ఆన్సీ రకం, అక్షరాలను ఒక్కో బైటుగా చదివే పాత పద్ధతి. క్లాసేమో యూనికోడ్‌ది, అక్కడ ఇలాంటి అక్షరానికి రెండు బైట్లు. టైటిల్ ఇంగ్లీష్‌లో ఉంటే ఈ తేడాకి మొదటి అక్షరం ఒక్కటే కనిపిస్తుంది, రెండో బైటు సున్నా కాబట్టి అక్కడే ఆగిపోతుంది. మన అక్షరాల్లో ఆ సున్నా లేదు. ర యూనికోడ్ 0సీ30. అందులో 30 అనే బైటును విడిగా చదివితే సున్నా అంకె. శ 0సీ36, అది 6 అయింది. అందుకే ఆగిపోకుండా చెత్తంతా చూపిస్తుంది. ఇది చూసి ఫాంట్లు మార్చుకుంటూ కూర్చోకండి. పేరు చివర "W" పెట్టండి, అంతే. పాత 1.1 వెర్షన్ వాడుతుంటే స్క్రిప్ట్ ఫైల్‌ను బామ్ (ఫైల్ మొదట్లో ఉండే ఎన్‌కోడింగ్ గుర్తు) ఉన్న యూటీఎఫ్-8లో సేవ్ చేయండి, లేకపోతే అది ఫైల్‌ను ఆన్సీ అనుకుని చదువుతుంది, టైటిల్ వేరే రకంగా పాడవుతుంది.

మన ఊళ్లలో మిల్లుల్లో, షాపుల్లో, ప్రెస్సుల్లో ఇలాంటి పనులు చేసేది ఇంజనీర్లు కాదు, అవసరం కొద్దీ నేర్చుకున్న పిల్లలు. వాళ్లకు తెలుగులో ఇంత వివరంగా చెప్పే పేజీ దొరకడం కష్టం. అందుకే ఇంత పొడుగు రాశాను.

మీరు ముందు ఆ ఫైల్‌అపెండ్ లైను పెట్టి నడపండి. పడ్డ నంబర్లన్నీ వచ్చిన వరసలోనే ఇక్కడ రాయండి, వాటితో పాటు మీ ప్రొసీజర్‌లోని చివరి రెండు లైన్లు కూడా.